వర్చువల్ మెషీన్‌ను విప్పి చూద్దాం: నాలుగు బైట్ల నుంచి జిట్ దాకా

జావా ఇంటర్వ్యూకు వెళ్లినవాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: జేడీకే (ప్రోగ్రాములు తయారుచేసే సామగ్రి), జేఆర్ఈ (వాటిని నడిపే సామగ్రి), జేవీఎం (జావా వర్చువల్ మెషీన్) మధ్య తేడా ఏమిటి? అమీర్‌పేట కోచింగ్ నోట్సులో దీనికి జవాబుగా ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు డబ్బాల బొమ్మ ఉంటుంది. బొమ్మ కరెక్టే. కాకపోతే అన్నిటికన్నా లోపలి డబ్బాలో ఏం జరుగుతుందో అది చెప్పదు. ఈ వ్యాసం ఆ లోపలి డబ్బా గురించే.

ముందుగా ఒక స్పష్టత. విండోస్ మీద లినక్స్ నడుపుకునే రకం వర్చువల్ మెషీన్ గురించి ఇక్కడ మాట్లాడటం లేదు. జావా, పైథాన్, లువా, జావాస్క్రిప్ట్ లాంటి భాషల ప్రోగ్రాములను నడిపే వీఎం గురించి చెప్పుకుంటున్నాం. దాని అసలు పని ఒక లూప్‌లో జరుగుతుంది. ఆ లూప్ రాయడానికి ఒక సాయంత్రం చాలు. పెద్ద వీఎంలలో మిగతా లక్షల లైన్ల కోడ్‌లో ఎక్కువ భాగం ఆ లూప్‌లో అయ్యే వృథాను తగ్గించడానికే ఉంటుంది. అందుకే ముందు లూప్ రాద్దాం, అందులో వృథా ఎక్కడుందో లెక్కపెడదాం, తర్వాత దాన్ని ఒక్కొక్కరు ఎలా తగ్గించారో చూద్దాం.

ఫంక్షన్, లూప్, లిస్టు రాయడం వస్తే చాలు, ఏ భాషలోనైనా మొదలుపెట్టవచ్చు. కాగితం, పెన్ను మాత్రం దగ్గర పెట్టుకోండి.

1. నాలుగు బైట్లను చేత్తో నడపండి

రెండు పూర్ణాంకాలు తీసుకుని వాటి మొత్తాన్ని తిరిగిచ్చే స్టాటిక్ మెథడ్‌ను జావాలో రాసి కంపైల్ చేస్తే, కంపైలర్ తయారుచేసే క్లాస్ ఫైల్‌లో ఆ మెథడ్ కోడ్ సరిగ్గా నాలుగు బైట్లు ఉంటుంది:

26 27 96 172

ఒక్కో బైటు ఒక్కో ఇన్‌స్ట్రక్షన్. 26 అంటే 0వ లోకల్ వేరియబుల్‌లో ఉన్న పూర్ణాంకాన్ని స్టాక్ (పైన పెట్టి, పైనుంచే తీసే దొంతర) మీద పెట్టు. 27 అంటే 1వ దాన్ని పెట్టు. 96 అంటే స్టాక్ మీది రెండు పూర్ణాంకాలను తీసి, కూడి, ఫలితాన్ని మళ్లీ స్టాక్ మీద పెట్టు. 172 అంటే పైనున్న పూర్ణాంకాన్ని తీసుకుని, పిలిచినవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లు. 7, 5 ఇచ్చి నడిపితే స్టాక్ ఇలా మారుతుంది:

26 తర్వాత: 7
27 తర్వాత: 7, 5
96 తర్వాత: 12
172 తర్వాత: ఖాళీ (12 బయటికి వెళ్లింది)

జావా ప్రోగ్రాం నడవడమంటే అడుగున జరిగేది ఇదే. ఇన్‌స్ట్రక్షన్ నంబరుకు ఒక్క బైటే కేటాయించారు కాబట్టి 256కు మించి రకాలు ఉండవు. జావా వాడుకుంటున్నవి సుమారు 200.

ఇంకో సంగతి గమనించండి. 96 పూర్ణాంకాల కూడిక మాత్రమే. లాంగ్‌కు 97, ఫ్లోట్‌కు 98, డబుల్‌కు 99 విడిగా ఉన్నాయి. ఏ రకం విలువలను కూడుతున్నామో జావా కంపైలర్‌కు ముందే తెలుసు కాబట్టి, నడిచేటప్పుడు అడగాల్సిన అవసరం లేదు. పైథాన్‌కు ఈ సౌకర్యం లేదు. దాని ఖరీదెంతో ముందుముందు చూస్తాం.

మీ కంప్యూటర్‌లో జేడీకే ఉంటే, దానితో పాటు వచ్చే జావాప్ కమాండ్‌కు మైనస్ సీ ఆప్షన్ ఇచ్చి ఈ ఇన్‌స్ట్రక్షన్లను (నంబర్ల బదులు పేర్లతో) మీరే చూసుకోవచ్చు. పైథాన్‌లో అయితే డిస్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, అదే పేరున్న ఫంక్షన్‌కు మీ ఫంక్షన్‌ను ఇవ్వండి. క్లాస్ ఫైల్‌ను హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి నాలుగు బైట్లు 202, 254, 186, 190. హెక్స్‌లో చదివితే ‘కేఫ్ బేబ్’ అని వస్తుంది, జావా తయారుచేసినవాళ్ల సరదా అది.

సోర్స్ కోడ్ ఈ బైట్లుగా మారే దారిని క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. పార్సర్ కోడ్‌ను చదివి ఒక చెట్టు కడుతుంది. కంపైలర్ ఆ చెట్టును పిల్లల నుంచి తల్లి దాకా నడుస్తూ, ఎడమవైపు కోడ్, కుడివైపు కోడ్, ఆఖరున గుర్తుకు తగిన ఇన్‌స్ట్రక్షన్ రాస్తూ పోతుంది. అందుకే పై ఉదాహరణలో కూడిక రెండు లోడ్ల తర్వాత వచ్చింది.

2. సొంత ఇన్‌స్ట్రక్షన్లు పెట్టుకోండి

మన బుల్లి వీఎంకు తొమ్మిది చాలు:

0 ఆగు
1 పెట్టు (తర్వాతి బైట్‌లోని సంఖ్యను స్టాక్ మీద)
2 తెచ్చు (తర్వాతి బైట్ చెప్పిన లోకల్ నుంచి స్టాక్ మీదికి)
3 దాచు (స్టాక్ నుంచి లోకల్‌లోకి)
4 కూడు
5 తీసివేయి
6 సున్నా అయితే దూకు (స్టాక్ నుంచి తీసిన విలువ సున్నా అయితే, తర్వాతి బైట్ చెప్పిన చోటికి)
7 దూకు
8 చూపించు

లూప్ ఇలా ఉంటుంది. పీసీ అంటే తర్వాత చదవాల్సిన బైటు ఉన్న చోటు, ఆప్ అంటే ఇన్‌స్ట్రక్షన్ నంబరు, పుష్ అంటే స్టాక్ మీద పెట్టడం, పాప్ అంటే పైనుంచి తీయడం. మీకు వచ్చిన భాషలోకి మార్చుకోండి:

పీసీ = 0
ఎప్పటికీ:
  ఆప్ = కోడ్[పీసీ]
  పీసీ = పీసీ + 1
  ఆప్ 1 అయితే:
    పుష్(కోడ్[పీసీ])
    పీసీ = పీసీ + 1
  ఆప్ 5 అయితే:
    బి = పాప్()
    ఎ = పాప్()
    పుష్(ఎ - బి)
  ఆప్ 7 అయితే:
    పీసీ = కోడ్[పీసీ]
  ఆప్ 0 అయితే: బయటికి

మిగతావి మీరు నింపగలరు. తీసివేతలో వరుస చూసుకోండి: ముందు బయటికొచ్చేది కుడివైపు విలువ. దీన్ని తిరగేస్తే కూడిక ప్రోగ్రాములన్నీ బాగానే పనిచేస్తాయి, మొదటి తీసివేత దగ్గర నెగిటివ్ జవాబులు వస్తాయి.

ఇప్పుడు 3 నుంచి 1 దాకా ఉన్న అంకెలను కూడే ప్రోగ్రాం. 0వ లోకల్ లెక్క, 1వ లోకల్ మొత్తం:

0: 1 3 (పెట్టు 3)
2: 3 0 (దాచు 0)
4: 1 0 (పెట్టు 0)
6: 3 1 (దాచు 1)
8: 2 0 (తెచ్చు 0)
10: 6 28 (సున్నా అయితే 28కి దూకు)
12: 2 1 (తెచ్చు 1)
14: 2 0 (తెచ్చు 0)
16: 4 (కూడు)
17: 3 1 (దాచు 1)
19: 2 0 (తెచ్చు 0)
21: 1 1 (పెట్టు 1)
23: 5 (తీసివేయి)
24: 3 0 (దాచు 0)
26: 7 8 (8కి దూకు)
28: 2 1 (తెచ్చు 1)
30: 8 (చూపించు)
31: 0 (ఆగు)

మొత్తం 32 బైట్లు. నడిపితే 6 రావాలి. రాకపోతే ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కు ముందు పీసీని, స్టాక్‌ను ప్రింట్ చేయించండి. వీఎం రాసేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే డీబగ్గర్ లేదు.

10 దగ్గర రాసిన 28ని గమనించారా? కంపైలర్ ఆ ఇన్‌స్ట్రక్షన్ రాసే సమయానికి లూప్ ఎక్కడ ముగుస్తుందో దానికి తెలియదు. అందుకని ముందు 0 రాసి, ఆ చోటును గుర్తుపెట్టుకుని, లూప్ అయ్యాక వెనక్కి వచ్చి అసలు చిరునామా నింపుతుంది. మన వీఎంలో దూకే చిరునామా ఒక్క బైటే కాబట్టి 255 దాటి దూకలేం. జావాలో మామూలు జంప్‌కు రెండు బైట్లు ఇచ్చారు. ఇలాంటి హద్దుల్లో ఒకదానివల్లే జావాలో ఒక మెథడ్ కోడ్ 65,535 బైట్లు దాటితే కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది.

3. ఫంక్షన్ కాల్: ఫ్రేమ్ కట్టడం

ఇప్పటిదాకా లోకల్స్ ఒకే సెట్టు. ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటే ఇది చాలదు, ఎవరి లోకల్స్ వాళ్లకుండాలి. అందుకే ప్రతి కాల్‌కూ ఒక ఫ్రేమ్ కడతాం. అందులో ఆ కాల్‌కు చెందిన లోకల్స్, దాని స్టాక్, తిరిగి వెళ్లాల్సిన పీసీ, పిలిచినవాళ్ల ఫ్రేమ్‌కు దారి ఉంటాయి. కాల్ చేసినప్పుడు ఆర్గ్యుమెంట్లను పాత స్టాక్ నుంచి తీసి కొత్త ఫ్రేమ్ లోకల్స్‌లో పెట్టాలి. రిటర్న్ అప్పుడు ఫలితాన్ని పాత స్టాక్ మీద పెట్టి, కొత్త ఫ్రేమ్‌ను పారేయాలి.

ఎర్రర్ వచ్చినప్పుడు కనిపించే స్టాక్ ట్రేస్ అంటే ఈ ఫ్రేముల గొలుసును వరసగా ప్రింట్ చేయడమే. అంతులేని రికర్షన్‌లో పైథాన్ మామూలు సెట్టింగ్‌లో 1000 లోతు దగ్గర ఆపేస్తుంది, జావా స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్ ఇస్తుంది.

ఫ్రేమ్‌లో స్టాక్‌కు ఎంత చోటు కావాలో కంపైలరే లెక్కగట్టి ఇస్తుంది. క్లాస్ ఫైల్‌లో ప్రతి మెథడ్‌కూ ఆ సంఖ్య రాసి ఉంటుంది. జావా మామూలుగా ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటుంది: కోడ్ నడపకముందే వెరిఫైయర్ దాన్ని తనిఖీ చేసి, ఒకే చోటికి రెండు దారుల్లో వచ్చినా స్టాక్ లోతు, విలువల రకాలు పొంతనగా ఉన్నాయా అని చూస్తుంది. మన వీఎంలో వెరిఫైయర్ లేదు కాబట్టి తప్పుడు బైట్లు ఇస్తే ఖాళీ స్టాక్ నుంచి పాప్ చేసి కుప్పకూలుతుంది. నేర్చుకునేటప్పుడు దాంతో ఇబ్బంది లేదు.

4. వృథా ఎంతో లెక్కపెట్టండి

పై ప్రోగ్రాంలో లూప్ ఒక్కసారి తిరగడానికి, 8 నుంచి 26 దాకా, 11 ఇన్‌స్ట్రక్షన్లు నడుస్తాయి. వాటిలో నిజమైన లెక్క ఒక కూడిక, ఒక తీసివేత. జంపులు రెండు. మిగతా ఏడూ విలువలను స్టాక్ మీదికి ఎక్కించడం, దించడం. మొదటినుంచి చివరిదాకా 42 ఇన్‌స్ట్రక్షన్లు నడిస్తే అందులో కూడికలు, తీసివేతలు కలిపి ఆరు.

దీనికి ఒక విరుగుడు రిజిస్టర్ వీఎం. స్టాక్ బదులు లోకల్స్‌నే (వీటినే ఇక్కడ రిజిస్టర్లు అంటారు) నేరుగా చెప్పడం: ‘1వ దానికి 0వ దాన్ని కూడి 1వ దాంట్లోనే పెట్టు’. ఇలా రాస్తే అదే లూప్ నాలుగు ఇన్‌స్ట్రక్షన్లలో తేలిపోతుంది: సున్నా అయితే దూకు, కూడు, తీసివేయి, దూకు. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ మాత్రం పొడుగవుతుంది, ఎందుకంటే ఎక్కడినుంచి ఎక్కడికి అన్నది అందులోనే రాయాలి. లువా 2003లో 5.0 వెర్షన్‌తో ఈ పద్ధతికి మారింది. ఆండ్రాయిడ్ తొలినాళ్ల డాల్విక్ కూడా రిజిస్టర్ రకమే. జావా, పైథాన్ స్టాక్‌తోనే ఉండిపోయాయి. మొదటి వీఎం రాసేవాళ్లకు నేనైతే స్టాకే చెబుతాను: కంపైలర్ చాలా తేలికగా రాయొచ్చు, ఏ రిజిస్టర్ ఖాళీగా ఉందో వెతుక్కునే తలనొప్పి ఉండదు.

రెండో వృథా లూప్‌లోనే ఉంది. ఆప్ ఎంతో చూసి తగిన కోడ్‌కు దూకడాన్ని డిస్పాచ్ అంటారు. కూడిక లాంటి చిన్న పనికి, కూడడం కన్నా ‘ఇది కూడికా?’ అని తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పోతుంది. సీలో స్విచ్‌తో రాస్తే అన్ని ఇన్‌స్ట్రక్షన్లూ ఒకే చోటి నుంచి దూకుతాయి, తర్వాత ఎటు వెళ్తామో పాత సీపీయూలు సరిగ్గా ఊహించలేకపోయేవి. జీసీసీ, క్లాంగ్ అనే సీ కంపైలర్లు ఇచ్చే కంప్యూటెడ్ గోటూ సౌకర్యంతో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ చివర్లోనే తర్వాతి దానికి దూకే కోడ్ పెడితే ఊహ మెరుగుపడుతుంది. అందరూ మామూలుగా వాడే పైథాన్ వీఎం, సీపైథాన్, దీన్ని వాడుకుంటుంది. కొత్త సీపీయూల ఊహాశక్తి పెరిగాక ఈ తేడా బాగా తగ్గింది, కాబట్టి దీని గురించి మొదటిరోజే టెన్షన్ పడకండి.

5. స్టాక్ మీద ఉన్నది ఏమిటి?

మన వీఎం స్టాక్‌లో ఉత్త సంఖ్యలే. అసలు భాషలో స్ట్రింగులు, లిస్టులు, ఆబ్జెక్టులు కూడా రావాలి. పైథాన్ దారి తిన్ననిది: ప్రతిదీ హీప్‌లో (ఆబ్జెక్టులకు చోటిచ్చే మెమరీ భాగంలో) ఒక ఆబ్జెక్ట్, స్టాక్ మీద దాని చిరునామా. 64 బిట్ సీపైథాన్‌లో 1 అనే అంకె 28 బైట్లు తింటుంది. రెఫరెన్స్ కౌంట్‌కు (దాన్ని ఎంతమంది పట్టుకున్నారన్న లెక్కకు) 8, రకం ఏమిటో చెప్పే పాయింటర్‌కు 8, సంఖ్య పొడవు, గుర్తుల వివరానికి 8, అసలు విలువకు 4. ఈ భారం తెలిసే -5 నుంచి 256 దాకా ఉన్న అంకెలను ముందే తయారుచేసి పెట్టుకుని, కావాల్సినప్పుడల్లా వాటినే ఇస్తుంది.

గూగుల్ జావాస్క్రిప్ట్ ఇంజిన్ వీ8 వేరే ఉపాయం పట్టింది. హీప్ చిరునామాల చివరి బిట్ ఎలాగూ ఖాళీయే. అది 1 అయితే పాయింటర్, 0 అయితే చిన్న పూర్ణాంకం అని పెట్టుకుంది. అలా 5 లోపల 10గా నిల్వ ఉంటుంది, హీప్‌లో చోటే అక్కర్లేదు. లువాజిట్ లాంటివి డబుల్‌లో ‘సంఖ్య కాదు’ అని చెప్పే విలువలకు ఉన్న బోలెడన్ని ఖాళీ బిట్లలో పాయింటర్లను దాస్తాయి. మీ వీఎంకు ఇవేవీ ముందే వద్దు. రకం ఒక ఫీల్డ్, విలువ ఒక ఫీల్డ్ ఉన్న స్ట్రక్ట్ చాలు.

6. ఒకసారి చూసింది గుర్తుపెట్టుకోవడం

పైథాన్‌లో ఎ + బి కనిపిస్తే అవి అంకెలా, స్ట్రింగులా, లిస్టులా, మీరు సొంతంగా కూడిక రాసుకున్న క్లాసా అన్నది నడిచే క్షణంలోనే తేలుతుంది. ప్రతిసారీ రెండు ఆబ్జెక్టుల రకాలు చూసి, కూడిక చేసే ఫంక్షన్ వెతికి, దాన్ని పిలవాలి. నిజం ఏమిటంటే, ఒక లైన్‌లో ఈసారి అంకెలు వస్తే మళ్లీ అంకెలే వచ్చే అవకాశం చాలా ఎక్కువ.

2022 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.11 దీన్నే వాడుకుంది. ఒక కూడిక ఇన్‌స్ట్రక్షన్ కొన్నిసార్లు నడిచి, ప్రతిసారీ పూర్ణాంకాలే కనిపిస్తే, వీఎం బైట్‌కోడ్‌లో (ఈ ఇన్‌స్ట్రక్షన్ బైట్ల వరుసలో) ఆ చోటనే ఇన్‌స్ట్రక్షన్‌ను ‘పూర్ణాంకాల కూడిక’గా తిరగరాస్తుంది. రోజూ వచ్చేవాడికి అడగకుండానే స్ట్రాంగ్ టీ కలిపిచ్చే బడ్డీకొట్టు పద్ధతి ఇది. ఓ రోజు అతను కాఫీ అడిగితే? అందుకే కొత్త ఇన్‌స్ట్రక్షన్ ముందు ఒక చిన్న తనిఖీ ఉంటుంది: రెండూ పూర్ణాంకాలేనా? కాకపోతే మామూలు దారికి మళ్లుతుంది, ఇలా పదేపదే జరిగితే మళ్లీ కొత్తగా నేర్చుకుంటుంది. ఆబ్జెక్ట్‌లో ఏ ఫీల్డ్ ఎక్కడుందో వెతకడానికీ ఇదే కిటుకు, వెతికి దొరికిన చోటును ఇన్‌స్ట్రక్షన్ పక్కనే కొన్ని బైట్లలో రాసిపెడుతుంది. ఇలాంటి మార్పులన్నీ కలిసి పైథాన్ సొంత బెంచ్‌మార్కుల్లో 3.10 మీద సగటున 25 శాతం వేగం తెచ్చాయి. ఇదంతా మెషీన్ కోడ్ తయారుచేయకుండానే.

మీ వీఎంలో ప్రయత్నించదలిస్తే కూడు ఇన్‌స్ట్రక్షన్‌తో మొదలుపెట్టండి: స్ట్రింగులు చేర్చాక, 4ను నడిచే సమయంలోనే 9 (అంకెల కూడిక)గా మార్చడం పది లైన్ల పని.

7. జిట్: లూప్‌నే తీసేయడం

బైట్‌కోడ్‌ను చదువుతూ నడపడం బదులు, దాన్ని సీపీయూ భాషలోకి మార్చేస్తే డిస్పాచే ఉండదు. ప్రోగ్రాం నడుస్తుండగానే ఇలా మార్చడాన్ని జిట్ (జస్ట్ ఇన్ టైమ్) అంటారు. అన్నిటినీ మార్చడం దండగ, ఎందుకంటే ప్రోగ్రాంలో చాలా కోడ్ ఒకటి రెండుసార్లే నడుస్తుంది. అందుకే వీఎం ప్రతి మెథడ్‌కూ, ప్రతి లూప్‌కూ కౌంటర్ పెట్టి, వేడెక్కిన వాటినే కంపైల్ చేస్తుంది. హాట్‌స్పాట్ జేవీఎం పేరు అక్కడినుంచి వచ్చిందే. అందులో ఇంటర్‌ప్రెటర్ (బైట్‌కోడ్‌ను చదువుతూ నడిపే భాగం) పైన రెండు కంపైలర్లు ఉంటాయి: త్వరగా కంపైల్ చేసే సీ1, ఆలస్యమైనా గట్టి కోడ్ ఇచ్చే సీ2. వీ8లో ఇగ్నిషన్ ఇంటర్‌ప్రెటర్ పైన స్పార్క్‌ప్లగ్, మాగ్లెవ్, టర్బోఫ్యాన్ అని మూడు మెట్లు.

జావా సర్వర్ స్టార్ట్ అయిన మొదటి నిమిషాల్లో నెమ్మదిగా ఉండి తర్వాత పుంజుకోవడం చూసే ఉంటారు. దానికి ఒక ముఖ్య కారణం ఈ వేడెక్కడమే. బెంచ్‌మార్క్ చేసేటప్పుడు ముందు కొన్నివేలసార్లు ఉత్తినే నడిపి, ఆ తర్వాత గడియారం పెట్టకపోతే మీరు కొలిచేది ఇంటర్‌ప్రెటర్‌నే.

జిట్‌లో అసలు కష్టం మెషీన్ కోడ్ రాయడం దగ్గర ఉండదు, వెనక్కి రావడం దగ్గర ఉంటుంది. సీ2 ఒక పందెం కాస్తుంది: ఈ మెథడ్‌ను ఇప్పటిదాకా ఒక్క క్లాసే ఇచ్చింది, కాబట్టి కాల్ తీసేసి దాని కోడ్‌ను ఇక్కడే అతికించేస్తాను. రేపు కొత్త క్లాస్ లోడ్ అయితే పందెం పోయినట్టే. అప్పుడు సీపీయూ రిజిస్టర్లలో ఉన్న విలువలను తిరిగి ఇంటర్‌ప్రెటర్ ఫ్రేమ్‌లోకి సర్ది, ఫలానా బైట్‌కోడ్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. దీన్ని డీఆప్టిమైజేషన్ అంటారు. ఒక మెథడ్‌లోకి నాలుగు మెథడ్లను ఒకదానిలో ఒకటిగా అతికించి ఉంటే, ఒక్క ఫ్రేమ్ నుంచి ఐదు ఫ్రేములు పుట్టించాలి. దీనికోసం కంపైలర్ ఏ విలువ ఎక్కడుందో చెప్పే పట్టికలు మెషీన్ కోడ్ పక్కనే రాసిపెట్టుకుంటుంది.

8. ఆఖరున గార్బేజ్ కలెక్టర్

హీప్‌లో ఆబ్జెక్టులు పెట్టడం మొదలయ్యాక ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ చేయాలి. సీపైథాన్ ప్రతి ఆబ్జెక్ట్‌లో ఎంతమంది దాన్ని పట్టుకున్నారో లెక్కపెడుతుంది, సున్నా అయితే వెంటనే వదిలేస్తుంది. రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుంటే లెక్క ఎప్పటికీ సున్నా కాదు, కాబట్టి వలయాలను వెతికే కలెక్టర్ విడిగా ఉంది. జావా లెక్కలు పెట్టదు. అప్పుడప్పుడు ఫ్రేముల నుంచి, గ్లోబల్స్ నుంచి బయల్దేరి అందినవన్నీ బతికున్నట్టు, అందనివన్నీ చెత్త అని తేలుస్తుంది. చాలా ఆబ్జెక్టులు పుట్టిన కాసేపటికే అక్కర్లేకుండా పోతాయి కాబట్టి, కొత్తగా పుట్టినవాటిని ఒక వైపు ఉంచి ఆ భాగాన్నే తరచుగా శుభ్రం చేస్తుంది.

మీ వీఎంకు మార్క్ అండ్ స్వీప్ రాయండి. ఆబ్జెక్టులన్నిటికీ ఒక లిస్టు, ఒక్కోదానికి ఒక గుర్తు బిట్. స్టాక్, లోకల్స్, గ్లోబల్స్ నుంచి మొదలుపెట్టి గుర్తు పెట్టుకుంటూ వెళ్లడం, తర్వాత లిస్టు తిరుగుతూ గుర్తు లేనివి వదిలేయడం. వంద లైన్లు కూడా పట్టదు.

బగ్ మాత్రం దాదాపు అందరికీ ఒకేచోట వస్తుంది. రెండు స్ట్రింగులను కలిపే ఇన్‌స్ట్రక్షన్ చూడండి: బి పాప్ చేశారు, ఎ పాప్ చేశారు, కొత్త స్ట్రింగ్ కోసం మెమరీ అడిగారు. సరిగ్గా అప్పుడే కలెక్టర్ నడిస్తే ఎ, బి స్టాక్ మీద లేవు, ఎక్కడినుంచీ అందవు. వాటిని చెత్త అనుకుని వదిలేస్తుంది. ఆ వెంటనే మీరు వాటిలోంచి అక్షరాలు కాపీ చేస్తారు. ఇది వందసార్లలో ఒకసారి మాత్రమే బయటపడుతుంది కాబట్టి కారణం పట్టుకోవడానికి రోజులు పడుతుంది.

పాప్ చేయకుండా పైనుంచే చదివి, కొత్త స్ట్రింగ్ తయారయ్యాక పాత రెండింటినీ దించితే సమస్య తీరుతుంది. ఇలాంటివి ఇంకెక్కడ దాక్కున్నాయో తెలియాలంటే, మెమరీ అడిగిన ప్రతిసారీ కలెక్టర్ నడిచేలా ఒక స్విచ్ పెట్టుకుని టెస్టులన్నీ నడపండి. ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది, కానీ తప్పు మొదటి నిమిషంలోనే దొరికిపోతుంది.